మంచు కురవని నగరంలో శీతకాలపు సెలవు ఎవరిది?

జంషెడ్‌పూర్: డిసెంబర్ మూడో వారం వచ్చేసరికి జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్, సాక్చీ బజార్లలో మంచు కనిపిస్తుంది. అది దూదితో చేసిన మంచు. దుకాణాల అద్దాలకు తెల్లని నురగపూత, ప్లాస్టిక్ చెట్ల కొమ్మలకు దూదిపింజలు, బేకరీ గుమ్మాల్లో ఎర్రటోపీలు. కర్కాటక రేఖకు కొంచెం దక్షిణాన, సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోట వెలసిన ఈ ఉక్కునగరంలో మంచు కురవదు. చలి ముదిరిన రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల దిగువకు జారుతుంది. తెల్లవారుజామున పొగమంచు కమ్ముకుంటుంది. ఉత్తరాది నుండి టాటానగర్ చేరవలసిన రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఆకాశం నుండి రాలే హిమానికీ, గడ్డిపరకపై నిలిచే బిందువుకూ, దారి కనిపించనీయని తెరకూ తెలుగులో ‘మంచు’ అన్న ఒక్క మాటే సరిపోతుంది. జంషెడ్‌పూర్ శీతకాలంలో చివరి రెండూ వాస్తవం, మొదటిది అలంకారం.

అలంకారాన్ని తప్పుపట్టనవసరం లేదు. పండుగకు కొంత ఊహ ఎప్పుడూ తోడుంటుంది. ఆలోచించవలసిన విషయం వేరే ఉంది. క్రిస్మస్‌తో మొదలై సంక్రాంతితో ముగిసే ఈ మూడు వారాల కాలాన్ని నగరమంతా సెలవుల కాలమనే పిలుస్తుంది. అయితే అది ఎందరికి నిజంగా సెలవు? జీతంతో కూడిన సెలవును దేశంలో చట్టం రాకముందే అమలుచేసిన నగరం ఇది. కేంద్రం తెచ్చిన నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబర్ 21 నుండి అమలులోకి వచ్చాయి. అందువల్ల ఈ ప్రశ్నకు జంషెడ్‌పూర్‌లో ప్రత్యేకమైన బరువు ఉంది.

అరువు మంచు, సొంత పండుగ

జార్ఖండ్‌లో క్రిస్మస్‌ను కేవలం బజారు సరుకుగా చూడడం పొరపాటు. జర్మనీకి చెందిన గోస్నర్ మిషన్ ప్రచారకులు 1845లో రాంచీ చేరారు. నాటి నుండి ముండా, ఉరావ్, ఖడియా కుటుంబాలలో క్రైస్తవం వేళ్ళూనుకున్నది. కోత ముగిసి ధాన్యం ఇంటికి చేరిన రోజులలోనే ఈ పండుగ వస్తుంది. అందుచేత చర్చి ఆవరణలో క్యారల్స్‌తో పాటు మాందర్ మోత వినిపిస్తుంది, వరుసకట్టి నృత్యం చేయడం కనిపిస్తుంది. బజారులో కేకు ఎంత అమ్ముడైనా, ఆదివాసీ ఇళ్ళలో బియ్యప్పిండి, బెల్లం కలిపి నూనెలో వేయించిన ‘అర్సా’ లేకుండా పండుగ పూర్తి కాదు. ఈ వంటకం పేరూ రుచీ తెలుగు పాఠకులకు కొత్త కావు. అది మన అరిసెకు దగ్గరి చుట్టం. దూది మంచు వెనుక ఉన్న అసలు శీతకాలం ఈ కొత్త బియ్యపు పిండిలో ఉంది.

తెరపై జంషెడ్‌పూర్ ఎలా కనిపించిందో చూసినా ఇదే తేటపడుతుంది. హిందీ సినిమాలో మంచు అంటే కాశ్మీరు, స్విట్జర్లాండు, ప్రేమగీతం. జంషెడ్‌పూర్ అంటే పొగగొట్టం, క్వార్టర్ల వరుస, తెల్లవారుజాము పరుగు. 2010లో విడుదలైన విక్రమాదిత్య మోత్వానే చిత్రం ‘ఉడాన్’ ఈ ఊరి కర్మాగారపు క్రమశిక్షణను ఒక తండ్రి కఠినత్వంగా చూపింది. 2020లో వచ్చిన ‘దిల్ బేచారా’ ఇదే నగరాన్ని యువజంట సంతోషాలకు వేదికగా మలచింది. దర్శకుడు ఇంతియాజ్ అలీ పెరిగినదీ, నటుడు ఆర్. మాధవన్, నటి ప్రియాంకా చోప్రా పుట్టినదీ ఇక్కడే. వెలుగు వెదుక్కుంటూ బయటికి వెళ్ళిన వారి పేర్లు నగరానికి గర్వకారణం. బయటికి వెళ్ళనివారికి మిగిలే వినోదం ఏమిటన్నది మాత్రం శీతకాలంలోనే తేలుతుంది.

ఆ వినోదాలలో ఫుట్‌బాల్‌కు పెద్దపీట. 2017లో ఏర్పడిన జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ 2021–22లో ఇండియన్ సూపర్ లీగ్ షీల్డ్ గెలుచుకున్నది. దాదాపు 24 వేల మంది పట్టే జేఆర్‌డీ టాటా క్రీడా ప్రాంగణాన్ని అభిమానులు ‘ఫర్నేస్’ అని పిలుచుకుంటారు. సాధారణంగా డిసెంబర్ సాయంత్రాలలో షిఫ్టు దిగిన కార్మికులు, కళాశాల విద్యార్థులు అక్కడ ఒకే వరుసలో కూర్చుంటారు. 2025 డిసెంబర్‌లో ఆ ఫర్నేస్ చల్లబడి ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు, లీగ్ నిర్వాహక సంస్థకు మధ్య 2010లో కుదిరిన పదిహేనేళ్ళ ఒప్పందం ఆ నెల 8వ తేదీతో ముగిసింది. ఒప్పందం భవితవ్యం తేలనందున జూలైలోనే సీజన్‌ను నిలిపివేశారు. వాణిజ్య హక్కుల కోసం పిలిచిన టెండరుకు ఒక్క బిడ్డు కూడా రాలేదు. డిల్లీ, ముంబయి నగరాలకు ఇది క్రీడా వార్త మాత్రమే. రాత్రిపూట వెళ్ళదగిన చోట్లు కొన్నే ఉన్న జంషెడ్‌పూర్‌కు ఇది ఒక శీతకాలపు అలవాటు తప్పిపోవడం.

కొలిమికి సెలవు లేదు

నగరానికి సెలవు వచ్చినా కొలిమికి రాదు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి మండుతూనే ఉండాలి. మధ్యలో చల్లారితే కరిగిన ఇనుము లోపలే గడ్డకడుతుంది. కోక్ ఓవెన్ల వేడి తగ్గితే వాటి సిలికా ఇటుకలు పగులుతాయి. వాహన కర్మాగారం కావాలంటే గేటు మూసి, మళ్ళీ తెరవగలదు. ఉక్కు కర్మాగారానికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి క్రిస్మస్ రాత్రి పది గంటలకు ఒక షిఫ్టు లోపలికి వెళుతుంది. జనవరి 1 ఉదయం ఆరు గంటలకు అదే షిఫ్టు బయటికి వస్తుంది, మరొకటి లోపలికి వెళుతుంది. ఆరు, రెండు, పది అన్న మూడు అంకెలే ఈ ఊరి అసలైన పంచాంగం. పెళ్ళి విందు వేళ మొదలు పిల్లల పిక్నిక్ తేదీ వరకు అన్నీ వాటి చుట్టూనే అమరుతాయి.

ఇటువంటి ఊరిలో సెలవు అన్న మాటకు చరిత్ర ఉండడం సహజం. టాటా ఉక్కు కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మె తయారైనది 1912 ఫిబ్రవరిలో. అదే ఏడాది అక్కడ ఎనిమిది గంటల పనిదినం అమలైంది. జీతంతో కూడిన సెలవు 1920లో వచ్చింది. దేశంలోని కర్మాగారాల చట్టంలోకి జీతంతో సెలవు అన్న నిబంధన చేరడానికి 1945 సవరణ వరకు ఆగవలసి వచ్చింది. 1948 చట్టం దానిని స్థిరపరిచింది. అంటే జంషెడ్‌పూర్ దేశం కంటే పాతికేళ్ళు ముందు నడిచింది.

ఈ ఘనతను యాజమాన్యపు దూరదృష్టిగా మాత్రమే చెప్పడం రివాజు. అయితే 1920లోనే ఇక్కడ తొలి పెద్ద సమ్మె జరిగింది, జంషెడ్‌పూర్ కార్మిక సంఘం పుట్టింది. 1928 నాటి సుదీర్ఘ సమ్మెకాలంలో సుభాష్ చంద్రబోస్ ఆ సంఘానికి నాయకత్వం వహించారు. దూరదృష్టీ, కార్మికుల పట్టుదలా రెండూ ఒకే కాలంలో పనిచేశాయి. వాటిలో ఏది ముందన్న వాదన కంటే, అలా వచ్చిన సెలవు తరువాతి తరాలలో ఎంతమందికి అందిందన్నది ముఖ్యం.

ఇక్కడే నేటి చీలిక కనిపిస్తుంది. శాశ్వత ఉద్యోగికి సెలవుల పట్టిక ఉంది, క్వార్టర్ ఉంది, క్లబ్బు సభ్యత్వం ఉంది. అదే గేటు గుండా లోపలికి వెళ్ళే కాంట్రాక్టు కార్మికుడికి పనిచేసిన రోజుకే కూలి. అతడి డిసెంబర్ 25 సెలవు అంటే ఒక రోజు ఆదాయం తగ్గడం. ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలోని చిన్న యూనిట్లలో కూడా పరిస్థితి భిన్నంగా లేదు. పెద్ద కర్మాగారం ఆర్డరు తగ్గించిన వారంలో అక్కడ దొరికే ఖాళీ సమయాన్ని ఎవరూ సెలవు అనరు.

కొత్త స్మృతులు ఈ అంతరాన్ని కొంత తగ్గిస్తామంటున్నాయి. పాత కర్మాగారాల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికే జీతంతో సెలవు హక్కు లభించేది. వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి ఆ పరిమితిని 180 రోజులకు కుదించింది. ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున సెలవు జమ అవుతుంది. నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. ఇవి స్వాగతించదగిన మార్పులు. మరోవైపు, కాంట్రాక్టు కార్మికులకు సంబంధించిన నిబంధనలు వర్తించడానికి కావలసిన కార్మికుల సంఖ్య 20 నుండి 50కి పెరిగింది. చిన్న కాంట్రాక్టర్లు ఆ మేరకు పరిధి దాటిపోతారు. కాంట్రాక్టర్ మారిన ప్రతిసారీ పనిదినాల లెక్క మళ్ళీ సున్నా నుండి మొదలైతే 180 రోజులన్నది కూడా చాలామందికి అందని అంకెగానే మిగులుతుంది. కేంద్ర కార్మిక సంఘాలు నవంబర్ 26న నిరసనకు దిగినప్పుడు ఇటువంటి సందేహాలనే ముందుకు తెచ్చాయి.

స్మృతుల పరిధిలో పేరు మాత్రమే దక్కినవారు ఇంకొందరున్నారు. యాప్ ఆధారిత డెలివరీ కార్మికులను సామాజిక భద్రత స్మృతి తొలిసారిగా నిర్వచించింది. అయితే జీతంతో సెలవు వారికి లేదు. నగరం కేకులు, బిర్యానీలు ఎక్కువగా తెప్పించుకునే రాత్రులే వారికి అత్యంత ఒత్తిడి రాత్రులు. డిసెంబర్ 25, 31 తేదీలలో వారు దేశవ్యాప్త సమ్మెకు పిలుపునివ్వడం యాదృచ్ఛికం కాదు. పిలుపునిచ్చిన వాటిలో తెలంగాణ గిగ్, ప్లాట్‌ఫారం కార్మికుల సంఘం ముందువరుసలో ఉంది. హైదరాబాదులోనైనా జంషెడ్‌పూర్‌లోనైనా, ఒకరి సెలవు మరొకరి అదనపు గంటలపై నిలబడుతున్నదని ఆ తేదీల ఎంపికే చెబుతుంది.

కానుకగా వచ్చిన పార్కు

శీతకాలంలో జంషెడ్‌పూర్ ప్రజల అతిపెద్ద వినోదం సినిమా కాదు, షాపింగ్ కాదు. అది పిక్నిక్. డిసెంబర్ చివరి వారం నుండి జూబిలీ పార్కు, దల్మా కొండల పాదాన ఉన్న డిమ్నా జలాశయం, నదుల సంగమమైన దోముహానీ జనంతో కిటకిటలాడతాయి. ఇటుకల పొయ్యి, పెద్ద గిన్నె, మాంసం కూర, స్పీకరులో భోజ్‌పురి, నాగపురి, సంతాలీ, బెంగాలీ పాటలు. టికెట్టు కొనలేని కుటుంబం కూడా ఈ ఒక్కదానిలో పాల్గొనగలదు. అందుకే ఈ స్థలాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది చిన్న విషయం కాదు.

మైసూరు బృందావన్ ఉద్యానం స్ఫూర్తితో రూపొందిన జూబిలీ పార్కును టాటా స్టీల్ తన స్వర్ణోత్సవ సందర్భంగా నగరానికి కానుకగా ఇచ్చింది. 1958 మార్చి 1న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించారు. డిమ్నా జలాశయాన్ని కూడా నీటి అవసరాల కోసం కంపెనీయే నిర్మించింది. తాగునీరు, విద్యుత్తు, చెత్త సేకరణ వంటి సేవలను కంపెనీ అనుబంధ సంస్థ చూస్తున్నది. ఈ సేవల నాణ్యత పొరుగు పట్టణాలకు అసూయ కలిగించేంతటిది. కానీ వాటిపై ఓటు వేసే అవకాశం నగరవాసికి లేదు. జంషెడ్‌పూర్‌కు ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. రాజ్యాంగంలోని 243క్యూ అధికరణం పారిశ్రామిక పట్టణాలకు ఇచ్చిన మినహాయింపు చుట్టూ దశాబ్దాలుగా వివాదం నడుస్తున్నది. అది సుప్రీంకోర్టు గడప కూడా తొక్కింది. సువర్ణరేఖ ఆవల ఉన్న మాంగోకు నగరపాలక సంస్థ ఉంది, జుగ్సలాయ్‌కి పురపాలక మండలి ఉంది. స్థానిక సంస్థలు అక్కడ ఉన్నాయి, నాణ్యమైన సేవలు ఇక్కడ ఉన్నాయి. రెండూ ఒకేచోట దొరకడం లేదు.

ఈ లోటు ఏడాదంతా కనిపించదు. పిక్నిక్ రోజులలో బయటపడుతుంది. పార్కు మధ్య రహదారిని ఎప్పుడు తెరవాలి, వాహనాలను ఎక్కడ ఆపాలి, జలాశయపు గట్టున మిగిలే థర్మాకోల్ పళ్ళేలను, సీసాలను ఎవరు ఎత్తాలి, చుట్టుపక్కల ఆదివాసీ గ్రామాలకు ఆ రద్దీలో దక్కేది ఆదాయమా, చెత్తా? ఇవి వార్డు సభలో చర్చించదగిన విషయాలు. వార్డు సభ లేనిచోట ఇవి విజ్ఞప్తులుగా, ధర్నాలుగా, పత్రికా ప్రకటనలుగా మారతాయి. కానుక ఎంత ఘనమైనదైనా దానిపై ప్రశ్న అడిగే హక్కు పరిమితమే.

జనవరి 1కి రెండు ముఖాలు

నూతన సంవత్సరపు తొలి రోజున జంషెడ్‌పూర్ నుండి రెండు రకాల వాహనాలు బయలుదేరతాయి. మొదటివి పిక్నిక్ స్థలాలకు వెళ్ళేవి. రెండోవి పొరుగున ఉన్న సరాయికేలా-ఖర్సావాన్ జిల్లాకు వెళ్ళేవి. 1948 జనవరి 1, గురువారం, ఖర్సావాన్ సంతరోజు. సరాయికేలా, ఖర్సావాన్ సంస్థానాలను ఒరిస్సాలో విలీనం చేయడాన్ని వ్యతిరేకిస్తూ వేలాది ఆదివాసీలు అక్కడ గుమిగూడారు. జైపాల్ సింగ్ ముండా ప్రసంగిస్తారని వారు ఎదురుచూశారు. ఆయన రాలేకపోయారు. ఒరిస్సా సాయుధ పోలీసులు కాల్పులు జరిపారు. మృతుల సంఖ్యపై ప్రభుత్వపు లెక్కకూ ప్రజల జ్ఞాపకానికీ మధ్య నేటికీ పెద్ద వ్యత్యాసం ఉంది. పదుల నుండి వేల వరకు అంకెలు వినిపిస్తాయి. అదే ఏడాది మే నెలలో ఆ రెండు సంస్థానాలూ బీహారులో కలిశాయి.

స్వాతంత్ర్యం వచ్చి ఐదు నెలలైనా నిండకముందు జరిగిన ఈ కాల్పుల గురించి పాఠ్యపుస్తకాలు చెప్పేది తక్కువ. జార్ఖండ్‌లో మాత్రం జనవరి 1 అమరవీరుల దినం. ముఖ్యమంత్రులు ఏటా ఖర్సావాన్ స్మారకానికి వెళ్ళి నివాళులర్పించడం ఆనవాయితీ. ఆదివాసీ కుటుంబాలకు కొత్త సంవత్సరం మొదట నూనె, పూలు, మౌనం. ఒకే తేదీని ఒక వర్గం పాటతోనూ మరొక వర్గం శోకంతోనూ గడిపే నగరాలు దేశంలో అరుదు. ఒకరి దినాన్ని మరొకరు గుర్తించడం ఇక్కడి సహజీవనానికి అసలైన పరీక్ష.

టుసు పాట, గొబ్బి పాట

జనవరి రెండో వారంలో దూది మంచును అటకెక్కిస్తారు. నగరం నేల వైపు తిరుగుతుంది. కుడ్మీ మహతో సమాజపు టుసు పండుగ మకర సంక్రాంతి నాడు ముగుస్తుంది. పౌష మాసమంతా సాయంత్రాలలో ఆడపిల్లలు టుసును ఇంటి ఆడబిడ్డగా భావించి పాటలు పాడతారు. చివరి రాత్రి జాగారం చేస్తారు. రంగు కాగితాలతో కట్టిన చౌడల్‌ను నదిలో నిమజ్జనం చేస్తారు. ఆ వారంలో భవన నిర్మాణ పనులు మందగిస్తాయి, కూలీలు స్వగ్రామాలకు వెళ్ళిపోతారు. సెలవు మంజూరు చేసేవారు ఎవరూ లేకున్నా వారు తీసుకునే సెలవు అది.

టుసు పాటను మరుగునపడుతున్న జానపదమని తీసిపారేయడానికి వీలులేదు. ధరలు, ఎన్నికలు, అల్లుడి పిసినారితనం, కొత్త రోడ్డు, ఏదైనా ఆ పాటలోకి వస్తుంది. 1954లో మాన్‌భూం ప్రాంతంలో బెంగాలీ భాష కోసం జరిగిన ఉద్యమం టుసు పాటనే ఆయుధంగా చేసుకొని ‘టుసు సత్యాగ్రహం’గా పేరొందింది. నేడు అదే పాట డీజే మోతతో మొబైల్ తెరపైకి చేరింది. బజారు తెచ్చిన క్రిస్మస్ గీతం కంటే ఇక్కడి యువతకు ఇది తక్కువ ఆధునికం కాదు.

ధనుర్మాసంలో గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడే తెలుగు ఆడపిల్లల ఆచారానికీ దీనికీ ఉన్న పోలిక గమనించదగినది. కాలం ఒకటే, పాడేవారు ఆడపిల్లలే, ముగింపు సంక్రాంతే. ఉక్కు, రైల్వే ఉద్యోగాల కోసం ప్రధానంగా ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా జంషెడ్‌పూర్‌లో ఉన్నాయి. కద్మాలోని ఆంధ్ర అసోసియేషన్, బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి కూడలి స్థలాలు. 2025లో వైకుంఠ ఏకాదశి డిసెంబర్ 30న, అంటే క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్యలో వచ్చింది. చలిలో తెల్లవారుజామునే దర్శనానికి వెళ్ళి, ఆరు గంటల షిఫ్టుకు అందుకొనే ఉద్యోగికి సెలవుల కాలం అంటే రెండు విధుల మధ్య దొరికిన గంట.

ఆ తరువాతి తరానికి మరొక చిక్కు ఉంది. సంక్రాంతికి సొంతూరు వెళ్ళాలంటే రైలు టికెట్టు నెలల ముందే నిండిపోతుంది. సెలవు దొరికినవారికి బెర్తు దొరకదు, బెర్తు దొరికినవారికి సెలవు దొరకదు. అందుచేత చాలా ఇళ్ళలో ముగ్గు జంషెడ్‌పూర్ వాకిట్లోనే పడుతుంది. పక్కింటి టుసు పిఠా ఇటు, ఈ ఇంటి అరిసె అటు నడుస్తాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఏ సంస్థా నిర్వహించడం లేదు.

పండుగ తరువాత మిగిలేది

జంషెడ్‌పూర్ శీతకాలం దేశంలోని అనేక పారిశ్రామిక పట్టణాల ముందు ఒక అద్దం పెడుతున్నది. విశాఖపట్నంలో, రామగుండంలో, భిలాయిలో కూడా కొలిమి ఆగదు, బొగ్గు గని ఆగదు, పండుగ మాత్రం వస్తుంది. అటువంటి చోట సెలవు అనేది తీరిక విషయం మాత్రమే కాదు. ఎవరి కాలంపై ఎవరికి అధికారం ఉందన్న విషయం.

ఈ ఏడాది జార్ఖండ్ ముందు రెండు పనులు ఉన్నాయి. కొత్త స్మృతుల అమలులో కాంట్రాక్టర్ మారినా కార్మికుడి పనిదినాల లెక్క తెగిపోకుండా చూడడం మొదటిది. మూల సంస్థ గేటు వద్ద నమోదయ్యే హాజరు అందుకు ఆధారం కాగలదు. ఆ వివరం ఎలాగూ యంత్రంలో ఉన్నదే. నగరపు బహిరంగ స్థలాల నిర్వహణలో ఎన్నికైన ప్రజాప్రతినిధులకు, పరిసర గ్రామసభలకు మాట చెల్లే ఏర్పాటు చేయడం రెండోది. పాలన ఏ రూపంలో ఉన్నా ఇది సాధ్యమే.

1920లో ఈ నగరం జీతంతో సెలవును అమలుచేసినప్పుడు దేశంలో అటువంటి చట్టం లేదు. నేడు చట్టం ఉంది. దానిని గేటు లోపల పనిచేసే చివరి మనిషి వరకు చేర్చడమే మిగిలి ఉంది. వచ్చే డిసెంబర్ నాటికి బిష్టుపూర్ అద్దాలపై దూది మంచు మళ్ళీ పడుతుంది. ఆ అద్దాలను తుడిచే కార్మికుడికి కూడా 25వ తేదీన కూలి కోల్పోకుండా ఇంట్లో ఉండే వీలు కలిగిందా లేదా అన్నదే అప్పటి లెక్క.